నంబరు ఉంది కదా, ఫోన్ లేదని ఎందుకు చెప్పింది?

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా మావయ్య గుంటూరులో అమ్మమ్మ ఇంటి ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేస్తే "ఈ నంబరు వాడుకలో లేదు" అని వచ్చిందట. కాసేపాగి చేస్తే అదే నంబరు చక్కగా మోగింది. మొదటిసారి ఫోన్ అబద్ధం చెప్పిందా? అసలు అవతల ఏం జరిగిందో ఇవతలి ఫోనుకు ఎలా తెలుస్తుంది?

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. రెండోదానికి జవాబు తెలిస్తే మొదటిదానికి దారి దొరుకుతుంది కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

నంబరు నొక్కగానే మన ఫోన్ నేరుగా వెళ్లి అవతలి ఫోనును పట్టుకోదు. మన కంపెనీ ఎక్స్ఛేంజికి కబురు పెడుతుంది. అది ఇంకో ఎక్స్ఛేంజికి, అది మరోదానికి అందిస్తూ పోతే, చివరికి ఆ ఇంటి తీగ కట్టి ఉన్న ఎక్స్ఛేంజి దాకా కబురు చేరుతుంది. ఆ తీగ మీద ఇప్పటికే ఎవరైనా మాట్లాడుతున్నారా, గంట మోగినా ఎవరూ ఎత్తడం లేదా, ఆ నంబరు ఎవరికైనా ఇచ్చారా లేదా అన్న సంగతులు ఆ చివరి ఎక్స్ఛేంజికి తప్ప ఇంకెవరికీ తెలియవు. అంటే కాల్ కలవకపోతే, కలవకపోవడానికి కారణం అవతలి కొస నుంచో, కాల్ ఆగిపోయిన మధ్య ఎక్స్ఛేంజి నుంచో వెనక్కి ప్రయాణం చేసి రావాలి. మావయ్యకు వినిపించిన మాట ఆ ప్రయాణం చివర చేరిన మాట. దారిలో దానికి ఏమైందో చూడాలి.

ట్రంకాల్ బుక్ చేసి కూర్చున్న రోజుల్లో ఈ కారణాన్ని మనుషులే మోసుకొచ్చేవారు. "ఆ నంబరు ఎంగేజ్ అండీ", "రింగవుతోంది, ఎవరూ తీయట్లేదు", "అక్కడ లైను చెడిపోయిందట" అని అవతలి ఊరి ఆపరేటర్ మన ఊరి ఆపరేటర్‌కు, ఆవిడ మనకు చెప్పేవారు. మాటలు కాబట్టి ఎంత వివరమైనా చెప్పుకోవచ్చు, అర్థం కాకపోతే తిరిగి అడగొచ్చు.

తర్వాత ఎస్టీడీ వచ్చింది. మన దేశంలో అది 1960లో లక్నో, కాన్పూరుల మధ్య మొదలైంది. నంబరు మనమే తిప్పుకుంటున్నాం, మధ్యలో ఆపరేటర్ లేరు. మరి కారణం చెప్పేదెవరు? ఆ పని చప్పుళ్లకు అప్పగించారు. హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి చేస్తే ఎంగేజ్ టోన్ పుట్టేది విశాఖపట్నం ఎక్స్ఛేంజిలో. మాటలు నడవాల్సిన ట్రంకు లైను మీదే అది హైదరాబాదు దాకా వచ్చి చెవిలో పడేది. దీనివల్ల రెండు ఇబ్బందులు. ఒక్క మాటా నడవకపోయినా, "టూ టూ" అనే చప్పుడు వినడానికే రెండు ఊళ్ల మధ్య లైను అంతసేపూ ఆగిపోయేది. అప్పట్లో అలాంటి లైన్లు చాలా తక్కువ. రెండో ఇబ్బంది ఇంకా ముఖ్యమైనది. చప్పుడుకు అర్థం మనిషి చెవికి తెలుస్తుంది కానీ మధ్యలో ఉన్న యంత్రాలకు తెలియదు. అందువల్ల కారణాన్ని బట్టి అవి చేయగలిగింది ఏమీ ఉండేది కాదు.

ఆ ఇబ్బంది కొంత తీర్చడానికి ఎక్స్ఛేంజీలు తమలో తాము రెండేసి స్వరాలు కలిపి సంకేతాలు పంపుకొనే పద్ధతి వచ్చింది. ఆర్2 అనే ఆ పద్ధతి మన దేశంలోనూ నడిచింది. అందులో వెనక్కి చెప్పగలిగే కారణాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే: లైను బిజీ, దారిలో రద్దీ, అలాంటి నంబరు ఎవరికీ ఇవ్వలేదు, లైను చెడింది. అంతకు మించి చెప్పడానికి ఆ పద్ధతిలో చోటు లేదు.

అసలైన మార్పు మాటల దారినీ కబుర్ల దారినీ విడదీయడంతో వచ్చింది. అంతర్జాతీయ టెలికాం సమాఖ్య 1980లో ప్రమాణంగా తెచ్చిన ఏడో నంబరు సిగ్నలింగ్ పద్ధతి (ఎస్ఎస్7) ప్రకారం ఎక్స్ఛేంజీలు తమ మధ్య వేరే డేటా లింకు పెట్టుకుని, అందులో చిన్న చిన్న సందేశాలు పంపుకుంటాయి. ఈ పద్ధతిలో కాల్స్ వ్యవహారం చూసే భాగం పేరు ఐఎస్‌యూపీ. ఇంజనీర్లు దాన్ని "ఐసప్" అని పిలుస్తారు. కాల్ మొదలుపెట్టడానికి ఒక సందేశం, అవతల గంట మోగుతోందని చెప్పడానికి ఒకటి, ఎత్తారని చెప్పడానికి ఒకటి ఉంటాయి. కాల్ ముగించడానికి పంపే సందేశం పేరు "రిలీజ్". ఆ రిలీజ్ సందేశంలో తప్పనిసరిగా ఒక అంకె ఉండాలి. ఆ అంకే కారణం. దీన్ని "కాజ్ కోడ్" అంటారు.

రిజిస్టర్డ్ ఉత్తరం బట్వాడా కాక తిరిగొచ్చినప్పుడు కవరు మీద పోస్ట్‌మ్యాన్ ఏదో రాసి ఉండటం చూసే ఉంటారు. తలుపు తాళం వేసి ఉంది, ఈ చిరునామాలో ఆ పేరు వారు లేరు, తీసుకోవడానికి నిరాకరించారు, ఇలా. ఉత్తరం చేరకపోయినా ఎందుకు చేరలేదో తెలిస్తే, మళ్లీ పంపాలా, చిరునామా సరిచూసుకోవాలా, ఊరుకోవాలా అన్నది మనం తేల్చుకోగలం. రిలీజ్ సందేశంలోని అంకె చేసే పని సరిగ్గా ఇదే. అది వెనక్కి వస్తూ దారిలో ఒక్కో ఎక్స్ఛేంజి పట్టి ఉంచిన లైనును విడిపిస్తుంది. చివరికి మన సొంత ఎక్స్ఛేంజి ఆ అంకె చూసి, ఎంగేజ్ టోన్ వినిపించాలో, రికార్డు చేసిన ప్రకటన వినిపించాలో తానే నిర్ణయిస్తుంది. చప్పుడు ఇక విశాఖపట్నం నుంచి రానక్కర్లేదు.

ఈ అంకెలకు అర్థాలు నిర్ణయించిన పత్రం పేరు క్యూ.850. ఏడు బిట్లలో పట్టే అంకె కాబట్టి 127 దాకా ఉండొచ్చు, అయితే అన్నిటికీ అర్థాలు కేటాయించలేదు. కొన్నిటిని చూడండి. 1 అంటే అలాంటి నంబరు ఎవరికీ ఇవ్వలేదు. 3 అంటే ఆ చోటికి వెళ్లే దారి నా దగ్గర లేదు. 16 అంటే మాట్లాడటం అయిపోయింది, మామూలుగా పెట్టేశారు. 17 బిజీ. 18 అంటే అవతలి పరికరం నుంచి ఉలుకూ పలుకూ లేదు, గంట మోగిందన్న కబురు కూడా రాలేదు. 19 అంటే గంట మోగింది కానీ ఎవరూ ఎత్తలేదు. 20 అంటే ఆ చందాదారు ఇప్పుడు నెట్‌వర్క్‌కు అందుబాటులో లేరు. 21 అంటే కాల్‌ను తిరస్కరించారు. 27 అంటే అవతలి లైను పనిచేయడం లేదు. 28 అంటే నంబరులో అంకెలు పూర్తిగా లేవు. 34 అంటే ముందుకు పంపడానికి ఖాళీ లైను లేదు.

ఈ అంకెలు ఇష్టమొచ్చినట్టు పేర్చినవి కావు. 31 వరకు మామూలుగా జరిగే సంగతులు. 32 నుంచి 47 వరకు వనరులు చాలకపోవడం. ఆపైన ఆ సేవ ఇవ్వకపోవడం, సందేశంలోనే తప్పుండటం, ఇలా తరగతులున్నాయి. అంకెకు కచ్చితమైన అర్థం తెలియని పాత ఎక్స్ఛేంజి కూడా తరగతిని చూసి సంగతి సుమారుగా గ్రహించగలదు. ఇంకో మంచి ఏర్పాటు కూడా ఉంది. కారణం పక్కనే, ఆ కారణం ఎక్కడ పుట్టిందో చెప్పే చిన్న గడి ఉంటుంది: వాడుకదారు దగ్గరా, ఆయన పక్క నెట్‌వర్క్‌లోనా, మధ్యలోనా, అంతర్జాతీయ దారిలోనా అని. కాల్‌ను నిరాకరించింది మనిషా, మధ్యలో ఉన్న కంపెనీయా అన్న తేడా దాన్ని చూస్తేనే తెలుస్తుంది. ఈ గడిని కొద్దిసేపు గుర్తుంచుకోండి.

అంతా ఒకే పద్ధతి వాడితే కథ ఇక్కడితో అయిపోయేది. కానీ 1990ల చివర్లో ఫోన్ కాల్స్ ఇంటర్నెట్ మీదికి రావడం మొదలైంది. అక్కడి వాళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల లోకం నుంచి వచ్చినవారు కారు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన హెనింగ్ షుల్‌రిన్ తదితరులు తయారుచేసిన "సిప్" అనే ప్రోటోకాల్ (సందేశాలు ఇచ్చిపుచ్చుకునే నియమావళి) వెబ్ పేజీలు తెచ్చే హెచ్‌టీటీపీ పోలికలతో రూపుదిద్దుకుంది. మొదటి రూపం 1999లో, ఇప్పుడు వాడుకలో ఉన్న రూపం 2002 జూన్‌లో వెలువడ్డాయి. ఇప్పుడు మన 4జీ ఫోను తెర మీద "వోల్టీ" అని కనిపిస్తే, ఆ కాల్ నడిపిస్తున్నది సిప్పే.

వెబ్‌లో పేజీ దొరక్కపోతే "404" అని వస్తుంది కదా. సిప్‌లో నంబరు దొరక్కపోయినా అదే 404. సమాధానాలన్నీ మూడంకెలవి, మొదటి అంకె తరగతిని చెబుతుంది. 4తో మొదలైతే ఈ కోరికను ఈ రూపంలో ఇక్కడ తీర్చలేం అని. 5తో మొదలైతే సర్వరులో లోపం అని. 6తో మొదలైతే ఎక్కడ ప్రయత్నించినా లాభం లేదు అని. 486 బిజీ, 480 ప్రస్తుతానికి అందుబాటులో లేరు, 408 జవాబు రాకుండానే గడువు దాటింది, 484 అంకెలు చాలలేదు, 503 సేవ ఇవ్వలేని స్థితి, 603 వద్దన్నారు.

ఇప్పుడు మావయ్య కాల్‌కు వద్దాం. ఆయన మొబైల్ సిప్‌లో మొదలుపెడుతుంది. మధ్యలో ఒకటో రెండో అంతర్జాతీయ కంపెనీలు చేతులు మారుస్తాయి. ఏదో ఒక చోట కాల్ ఐసప్ మాట్లాడే ఎక్స్ఛేంజీల్లోకి దిగుతుంది. ఒక్కోసారి ఐసప్ నుంచి సిప్‌కు, మళ్లీ ఐసప్‌కు కూడా మారుతుంది. ఈ రెండు లోకాల సరిహద్దులో ఉండే యంత్రం పేరు గేట్‌వే. కాల్ వెళ్లేటప్పుడు అది నంబరును ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మార్చి అందిస్తుంది. కాల్ కలవకపోతే వెనక్కి వచ్చే కారణాన్ని కూడా మార్చాలి. 17 అని వస్తే అవతల సిప్ యంత్రానికి ఆ మాట అర్థం కాదు, దానికి మూడంకెల సమాధానం ఇవ్వాలి.

ఏ అంకెను ఏ అంకెగా మార్చాలో ప్రతి కంపెనీ సొంతంగా కల్పించుకుంటే గందరగోళమే. అందుకని 2002 డిసెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 3398 అనే ప్రమాణ పత్రం వెలువడింది. అందులో రెండు పట్టికలున్నాయి. ఒకటి ఐసప్ నుంచి సిప్‌కు, ఇంకోటి సిప్ నుంచి ఐసప్‌కు. రెండు పట్టికలు ఎందుకు, ఒకటే ఉంటే తిరగేసి చదువుకోవచ్చు కదా అనిపిస్తుంది. మావయ్యకు జరిగినదాని గుట్టు సరిగ్గా అక్కడే ఉంది.

కొన్ని మార్పిడులు సాఫీగా జరుగుతాయి. బిజీ 17 అవతల 486 అవుతుంది, 486 తిరిగి 17 అవుతుంది. అంకెలు చాలని 28 అవతల 484, తిరిగి 28. ఇక్కడ పేచీ లేదు. కానీ 1ని చూడండి, నంబరే లేదు అన్నది. అది 404 అవుతుంది. 3 కూడా, నా దగ్గర దారి లేదు అన్నది, 404 అవుతుంది. సిప్‌కు ఆ రెండిటికీ వేర్వేరు అంకెలు లేవు. ఇప్పుడు ఆ 404 ఇంకో గేట్‌వే దగ్గర మళ్లీ ఐసప్‌లోకి రావాలి. గేట్‌వేకు కనిపిస్తున్నది 404 మాత్రమే. అది పుట్టుకతో 1 అయి ఉండొచ్చు, 3 అయి ఉండొచ్చు. పట్టిక ప్రకారం దాన్ని 1గా రాస్తుంది. అంటే "నాకు దారి లేదు" అని బయల్దేరిన కబురు ఇంటికి చేరేసరికి "అలాంటి నంబరే లేదు" అయింది.

మావయ్య విషయంలో ఇలాగే జరిగి ఉండటానికి చాలా అవకాశం ఉంది. మధ్యలో ఉన్న ఒక కంపెనీ దగ్గర ఆ సమయానికి గుంటూరుకు దారి లేకపోయి ఉంటుంది. ఆ కబురు 404గా మారింది. ఆయన నెట్‌వర్క్ 404 చూసి "వాడుకలో లేదు" అన్న ప్రకటన వినిపించింది. కాసేపటికి చేసినప్పుడు కాల్ వేరే దారిలో పోయింది, కలిసింది. ఇందులో ఏ యంత్రమూ తనకు తెలిసినదానికి విరుద్ధంగా చెప్పలేదు. ప్రతి ఒక్కటీ తనకు అందినదాన్ని తన దగ్గరున్న మాటల్లో దగ్గరగా ఉన్నదాంతో చెప్పింది. దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోవడం వరుసగా రెండు మూడు సార్లు జరిగితే, చివరికి చేరేది అసలుకు దూరమైన మాట.

ఇంకొన్ని కూడా చూస్తే ఈ సంగతి బాగా మనసుకెక్కుతుంది. గంట మోగినా ఎత్తలేదు అన్న 19 సిప్‌లో 480 అవుతుంది. ఆ 480 తిరిగి ఐసప్‌లోకి వస్తే 18 అవుతుంది, అంటే అవతలి పరికరం ఉలకనే లేదని. మోగిన గంట మోగనట్టయింది. ఆ 18 అసలు రూపంలో బయల్దేరితే సిప్‌లో 408 అవుతుంది. 408 తిరిగి వస్తే 102, అంటే ఒక గడియారం గడువు ముగిసి కాల్ ఆగిపోయిందని. ఇంటి ఫోను ఊడిపోయి ఉందన్న సంగతి ఎక్స్ఛేంజిలో ఏదో సాంకేతిక లోపంలా కనబడుతుంది. ఖాళీ లైను లేదు అన్న 34 అవతల 503, తిరిగి వస్తే 41, తాత్కాలిక లోపం అని. 34, 38, 41, 42, 47 అన్నీ 503లోకే పోతాయి కాబట్టి, తిరిగి వచ్చేటప్పుడు వాటిని విడదీయడం ఎవరి తరమూ కాదు.

పట్టిక రాసినవారు అజాగ్రత్తగా రాశారని దీన్నిబట్టి అనుకోకూడదు. వాళ్లు ఎంత ఆలోచించారో 21 దగ్గర తెలుస్తుంది. 21 అంటే తిరస్కరించారు. సిప్‌లో దీనికి దగ్గరగా రెండున్నాయి: 403, అనుమతి లేదు, 603, వద్దన్నారు. ఏది రాయాలి? ఇందాక గుర్తుంచుకోమన్న గడిని చూడమంటుంది పత్రం. కారణం వాడుకదారు దగ్గరే పుట్టిందని ఆ గడి చెబితే 603, లేకపోతే 403. తేడా ఎందుకంటే, సిప్‌లో ఒకే పేరు మీద బల్ల మీది ఫోను, జేబులోని ఫోను, కంప్యూటరు ఒకేసారి మోగేలా పెట్టుకోవచ్చు. 4తో మొదలయ్యే సమాధానం ఒకచోటి నుంచి వస్తే మిగతాచోట్ల ప్రయత్నం కొనసాగుతుంది. 6తో మొదలయ్యేది వస్తే మనిషే వద్దన్నట్టు లెక్క, మిగతావి కూడా ఆగిపోతాయి. మధ్యలో ఒక కంపెనీ నిరాకరించినంత మాత్రాన మనిషే వద్దన్నట్టు చెబితే, మోగాల్సిన ఫోన్లు కూడా మూగబోతాయి. 17ని 600గా (ఎక్కడా ఖాళీ లేదు) కాకుండా 486గా (ఇక్కడ ఖాళీ లేదు) మార్చడానికీ కారణం ఇదే. గేట్‌వేకు తెలిసింది ఒక్క లైను సంగతి, ఆ మనిషి వేరే ఫోన్ల సంగతి దానికి తెలియదు.

కారణం ఎలా చేరినా కాల్ కలవలేదు కదా, పెద్ద తేడా ఏముంది అని అడగవచ్చు. తేడా చాలా ఉంది. మధ్యలో ఉన్న ప్రతి ఎక్స్ఛేంజీ ఆ అంకెను చూసి ఏదో ఒక పని చేస్తుంది. ఖాళీ లైను లేదంటే వేరే దారి వెతుకుతుంది. బిజీ అంటే వెతకదు, ఎన్ని దారుల్లో వెళ్లినా అది బిజీయే. నంబరే లేదంటే అసలు వెతకదు. కాబట్టి 3 కాస్తా 1గా మారిపోతే, ఇంకో దారిలో కలిసే కాల్‌ను కూడా కలపకుండా వదిలేస్తుంది. బిజీని తాత్కాలిక లోపంగా మారిస్తే, ఒకే కాల్‌ను నాలుగు దారుల్లో తిప్పి నాలుగుచోట్లా లైన్లు వృథా చేస్తుంది.

503 విషయంలో ఇంకా పెద్ద ప్రమాదం పొంచి ఉంది. ఐసప్‌లో 34 అంటే ఈ ఒక్క దారిలో ఈ క్షణాన ఖాళీ లేదని. కానీ సిప్‌లో 503 అంటే సర్వరే సేవ ఇవ్వలేని స్థితిలో ఉందని. దానితోపాటు "ఇంతసేపాగి రండి" అన్న గడువు కూడా జతచేస్తే, ఆ గడువు ముగిసేదాకా అటువైపు ఏ కాల్‌నూ పంపకూడదని సిప్ నియమం. ఒక ఊరికి వెళ్లే లైన్లు నిండిపోయాయని చెప్పబోయి, అన్ని ఊళ్లకూ దారి మూసేసినట్టవుతుంది. అందుకే మధ్యనున్న సిప్ యంత్రాలకు ఇంకో నియమం ఉంది: 503 వచ్చినప్పుడు, తర్వాతి కాల్స్‌కూ అదే గతి అని తేలితే తప్ప దాన్ని ఉన్నదున్నట్టు వెనక్కి పంపకండి, 500గా మార్చండి అని. దీనివల్ల ప్రమాదం తప్పుతుంది కానీ కారణం ఇంకో మెట్టు మసకబారుతుంది.

లెక్కల్లోనూ ఇబ్బందే. నెట్‌వర్క్ ఎంత బాగా పనిచేస్తోందో చూడటానికి ఒక కొలమానం ఉంది. కలిసిన కాల్స్‌తో పాటు, బిజీ వల్లా ఎవరూ ఎత్తకపోవడం వల్లా ఆగిన కాల్స్‌ను కూడా నెట్‌వర్క్ తన పని తాను చేసినట్టే లెక్కిస్తారు. అవతలి మనిషి ఎత్తకపోతే నెట్‌వర్క్ ఏం చేస్తుంది? అది న్యాయమే. కానీ 19 కాస్తా 102గా మారితే, మనిషి ఎత్తకపోవడం నెట్‌వర్క్ లోపంగా నమోదవుతుంది. ఇంజనీర్లు లేని లోపం కోసం వెతుకుతారు.

కారణం మారిపోయేది సరిహద్దు దగ్గరే అనుకోకండి. ఒక్కోసారి మన చేతిలోనే మారుతుంది. మొబైల్ మోగుతున్నప్పుడు ఎర్ర బటన్ నొక్కి కట్ చేస్తారు కదా. జీఎస్ఎం పద్ధతిలో అప్పుడు ఫోను పంపేది తిరస్కరించారన్న 21 కాదు, బిజీ అన్న 17. కావాలనే అలా పెట్టారు. బిజీగా ఉన్నప్పుడు కాల్ ఇంకో నంబరుకు మళ్లేలా పెట్టుకున్నవారికి, కట్ చేసినా ఆ ఏర్పాటు పనిచేయాలని. దానివల్ల ఇంకో మేలు కూడా జరుగుతోందని నాకు అనిపిస్తుంది. బస్సులో నిలబడి ఫోన్ కట్ చేసినా అవతలివారికి నొచ్చుకునే మాట వినబడదు.

"స్విచాఫ్ చేసి ఉంది లేదా కవరేజ్ ఏరియాలో లేదు" అని రెండూ కలిపి ఎందుకు చెబుతారు అన్న సందేహం కూడా చాలామందికి ఉంటుంది. ఫోన్ ఆపేటప్పుడు అది "నేను వెళ్తున్నా" అని నెట్‌వర్క్‌కు చెప్పి ఆగుతుంది. బ్యాటరీ ఊడినా, లిఫ్టులోకి వెళ్లినా చెప్పడం కుదరదు. నెట్‌వర్క్ పిలిచి చూసి పలకకపోతే గ్రహిస్తుంది. మొబైల్ నెట్‌వర్కులు లోలోపల మాట్లాడుకునే ఎంఏపీ అనే పద్ధతిలో ఈ రెండిటికీ వేర్వేరు సంకేతాలున్నాయి. కానీ ఆ కబురు ఐసప్‌లోకి వచ్చేసరికి రెండూ కలిసి 20 అయిపోతాయి. ఆ 20ని మాత్రమే చూసే కంపెనీ విడదీసి చెప్పలేదు కాబట్టి, రెండూ కలిపి చెప్పడమే నిజాయితీ.

మరి అసలు కారణం పోకుండా చూడటానికి మార్గమే లేదా? ఉంది. మార్చిన మాటతో పాటు అసలు మాటను కూడా పక్కన పెట్టి పంపడమే ఆ మార్గం. 2002 డిసెంబరులోనే ఆర్‌ఎఫ్‌సీ 3326 పేరుతో సిప్ సందేశాలకు "రీజన్" అనే వరుస ఒకటి చేర్చారు. 404 అని చెబుతూనే, కింద "క్యూ.850 ప్రకారం కారణం 3" అని రాయవచ్చు. అవతలి గేట్‌వే పట్టికను పక్కనబెట్టి ఆ 3ని యథాతథంగా తీసుకుంటే చాలు, ఏమీ పోదు. చిక్కేమిటంటే, ఆ పత్రం ఈ వరుసను చాలా సమాధానాల్లో వాడటానికి స్పష్టంగా అనుమతివ్వలేదు. కాల్ పెట్టేసే సందేశాల్లో ఉండొచ్చు కానీ, 404 వంటి తిరుగు సమాధానాల్లో ఉండొచ్చా లేదా అన్నది తేలలేదు. వాడేవాళ్లు వాడుతూనే ఉన్నారు. 2011 నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 6432 వచ్చి, పెట్టవచ్చని చెప్పింది. ఇంత చిన్న, ఇంత అవసరమైన వెసులుబాటుకు తొమ్మిదేళ్లు పట్టడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంకో పద్ధతిలో ఐసప్ సందేశాన్ని మొత్తంగా సిప్ సందేశం కడుపులో పెట్టి పంపుతారు. ఇందులో కారణంతో పాటు ఆ పక్క గడి కూడా చెక్కుచెదరదు. అయితే ఆ సందేశంలో దాచమన్న కాలర్ నంబరు లాంటివి కూడా ఉంటాయి కాబట్టి, ఒకరినొకరు నమ్మే నెట్‌వర్కుల మధ్యే దీన్ని వాడాలి.

ఇంత చేసినా అన్ని కంపెనీల పట్టికలూ ఒకటి కావు. ఆర్‌ఎఫ్‌సీ 3398 ప్రకారం 480 తిరిగి 18 అవుతుందని చెప్పుకున్నాం. అంతర్జాతీయ టెలికాం సమాఖ్య తన పట్టికను క్యూ.1912.5 అనే పత్రంలో విడిగా ఇచ్చింది; అందులో 480 తిరిగి 20 అవుతుంది. రెండూ అంగీకరించిన ప్రమాణాలే. రెండు కంపెనీలు కాల్స్ ఇచ్చిపుచ్చుకోవడం మొదలుపెట్టేముందు ఈ పట్టికల్ని పక్కపక్కన పెట్టి, ప్రతి అంకెకూ నిజంగా కాల్ చేసి చూసుకోవడం తప్పనిసరి పని. ఇందులో పొదుపు చేసిన సమయం తర్వాత వాడుకదారుల ఇబ్బందిగా తేలుతుంది.

మీకు వినిపించిన ప్రకటన ఎవరిదో తెలుసుకోవడానికి ఒక తేలిక ఆనవాలు ఉంది. విదేశం నుంచి చేసినప్పుడు తెలుగులోనో హిందీలోనో వినిపిస్తే, అది చాలావరకు అవతలి నెట్‌వర్క్ స్వయంగా మాట్లాడుతున్నట్టే. కాల్ ఎత్తకముందే మాటల దారి తెరిచి, అక్కడి యంత్రం తన ప్రకటన వినిపించి, ఆ తర్వాత కారణపు అంకె పంపి ముగిస్తుంది. అలాంటి ప్రకటన మధ్యలో ఏ పట్టిక గుండా పోలేదు కాబట్టి దాన్ని ఎక్కువ నమ్మవచ్చు. మీ దేశపు కంపెనీ గొంతుతో వినిపిస్తే, అది తనకు చేరిన అంకెను చూసి చెప్పిన మాట. అలాంటప్పుడు "నంబరు లేదు" అన్నా ఒకసారి ఆగి మళ్లీ చేయండి, వీలైతే వేరే సిమ్ నుంచి.

అదే పదేపదే జరిగితే ఫిర్యాదు చేయండి. "కలవడం లేదు" అని ఊరుకోకుండా చేసిన తేదీ, నిమిషంతో సహా వేళ, నొక్కిన నంబరు, వినిపించిన మాట ఉన్నదున్నట్టు చెప్పండి. కాల్ కలవకపోయినా చాలా ఎక్స్ఛేంజీల్లో దాని రికార్డు మిగులుతుంది, అందులో వచ్చిన కారణపు అంకె ఉంటుంది. వేళ కచ్చితంగా ఉంటే ఇంజనీరు గేట్‌వేకు ఇటువైపు రికార్డునూ అటువైపు రికార్డునూ పక్కపక్కన పెట్టి చూడగలడు. అటు 3, ఇటు 404 కనబడితే ఏ పట్టికలో ఏ వరుస దిద్దాలో, ఏ కంపెనీని దారి చూసుకోమని అడగాలో అక్కడే తేలిపోతుంది.